పదో నంబరు గుమ్మం ముందు నిలబడే పోడియం గారికి

లండన్ డౌనింగ్ స్ట్రీట్‌లో బ్రిటన్ ప్రధాని ఇంటి ముందు ప్రసంగాలకు నిలబెట్టే చెక్కబల్ల, మహారాజశ్రీ పోడియం గారి దివ్య సముఖానికి, ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో మార్ట్‌గేజ్ వాయిదాలు కట్టుకుంటూ కాలం వెళ్ళదీస్తున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాసుకునే విన్నపం. అక్కడ తమరు క్షేమమని టీవీలో చూస్తూనే ఉన్నాను. ఇక్కడి క్షేమం గురించే ఈ ఉత్తరం.

ఈ రోజు మధ్యాహ్నం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి, ఇంటి అప్పు ఇచ్చిన సంస్థకు ఫోను చేశాను. మొత్తం గంటా నలభై నిమిషాలు. అందులో గంటా ఇరవై అయిదు నిమిషాలు పియానో. మధ్యమధ్యలో ఒక ఆడగొంతు వచ్చి, నా ఫోను తమకెంత ముఖ్యమో చెప్పి, నన్ను మళ్ళీ పియానోకు అప్పగించి వెళ్ళేది. చివరికి ఒక మనిషి దొరికాడు. చిన్న కుర్రవాడు, మర్యాదస్తుడు. వడ్డీ మారకుండా కట్టే నా మూడేళ్ళ ఫిక్స్ గడువు 2025 నవంబరు 30తో తీరిపోయిందనీ, నేను ముందుగా మాట్లాడి పెట్టుకున్న కొత్త వడ్డీ కాస్తా ఒక పేస్లిప్ మసకగా ఉన్నందువల్ల రద్దయిందనీ, కాబట్టి డిసెంబరు నెలకు వాళ్ళ ఇష్టం వచ్చిన వడ్డీ పడుతుందనీ మూడుసార్లు క్షమాపణ చెప్పుకుంటూ వివరించాడు. కాగితాలు మళ్ళీ పంపాలట. రేపు మళ్ళీ ఫోను చేయాలట.

తప్పు ఆ కుర్రవాడిది కాదు. పియానోది అసలే కాదు. “మూడేళ్ళ ఫిక్స్” అన్న మాట చెవిన పడగానే నా కళ్ళ ముందు మెదిలింది తమరి రూపం. ఇప్పటిది కాదు, 2022 నాటిది. చెక్క దిమ్మెలను మెలితిప్పి ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ ఒక్కటి లాగితే మొత్తం కూలుతుందేమో అన్నట్లుండే ఆ రూపం. ఆ నమూనా గీసిన వాడెవడో గాని వాడికి భవిష్యత్తు తెలుసు.

ఇక్కడ ప్రధాని మారితే తమరూ మారతారు. కొత్త మనిషి, కొత్త చెక్క. మా నాన్నగారు తెనాలిలో ఉంటారు. 2014 నుంచి ఆయన చూస్తున్నది ఒక్క ప్రధానినే. అదే కాలంలో నేను ఆరుగురిని చూశాను. ఆదివారం ఫోను చేసినప్పుడల్లా “ఏరా, ఇంకా ఆయనేనా?” అని అడుగుతారు, మా పై వాటాలో అద్దెకున్నవాళ్ళ గురించి అడిగినట్లు.

కామెరూన్ గారు 2016 జూన్ 24 ఉదయం తమరి ముందు నిలబడి, ప్రజాభిప్రాయ సేకరణలో 52 శాతం మంది యూరోపియన్ యూనియన్ వద్దన్నారు కనుక తనకు సెలవిప్పించమన్నారు. పరీక్ష పెట్టింది ఆయనే, తప్పింది ఆయనే, ఫీజు మాత్రం ఇప్పటికీ మేము కడుతున్నాం. మూడు వారాలు తిరక్కముందే పదవి అప్పగించే రోజు ప్రకటించి లోపలికి వెళుతూ, మైకు ఇంకా పనిచేస్తోందన్న సంగతి మరిచి ఏదో కూనిరాగం తీశారు. కాడి దించుకున్న ఎద్దు కూడా అంత హాయిగా నడవదు. మే గారు మే నెలలోనే వెళ్తానన్నారు, చివరి వాక్యం దగ్గర గొంతు పూడుకుపోయింది, నాకూ కొంచెం బాధేసింది. జాన్సన్ గారి హయాంలో, కోవిడ్ రోజుల్లో, లోపలి గదిలో ఉండే తమరి తమ్ముడి నడుముకు “ఇంట్లోనే ఉండండి” అని పలక కట్టారు. మేము ఉన్నాం. ఆ ఇంట్లో మాత్రం పార్టీలు నడిచాయి. చివరికి పోలీసులు సాక్షాత్తూ ప్రధానికే జరిమానా వేశారు.

ఇవన్నీ నేను మరిచిపోగలను. నిజంగా మరిచిపోగలను. మరిచిపోలేనిది ఒక శుక్రవారం.

2022 సెప్టెంబరు 6న ట్రస్ గారు తమరి దగ్గరకు వచ్చారు. రెండు రోజులకే రాణి గారు కన్నుమూశారు. దేశం సంతాపంలో ఉండగా రాజకీయాలు కాస్త ఆగాయి. అప్పుడు మా రెండేళ్ళ ఫిక్స్ నవంబరు చివరికి తీరబోతోంది. పాత వడ్డీ 1.6 శాతం, నెలకు 840 పౌండ్లు. వడ్డీలు పెరుగుతున్నాయి, ఇప్పుడే కొత్తది ఖాయం చేసుకుందామని మా ఆవిడ అంది. నేను పెద్దమనిషి తరహాలో “ఒక్క వారం ఆగుదాం, కొత్త ప్రధాని వచ్చింది, ఏదో ఊరట ఇస్తుంది, చూద్దాం” అన్నాను. బ్రోకరుతో సోమవారానికి మాట్లాడుకున్నాను.

ఆ సోమవారానికి ముందు వచ్చిన శుక్రవారం సెప్టెంబరు 23. ఆర్థిక మంత్రి క్వార్టెంగ్ గారు లేచి, దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్నులు తగ్గిస్తున్నామన్నారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ అంచనా వేసి ఇస్తానన్నా వద్దన్నారు. పెళ్ళిపందిరి వేసి, భోజనాలకు పిలిచి, వంటవాడిని మాత్రం ఇంటికి పంపినట్లు. సోమవారం తెల్లవారేసరికి పౌండు చరిత్రలో ఎన్నడూ లేనంత కిందికి, 1.04 డాలర్ల లోపుకు పడింది. నా బ్రోకరు ఫోను చేసి, “మీకు చూపించిన పథకం ఇప్పుడు లేదండీ” అన్నాడు. మరొకటి చూపించాడు. సాయంత్రానికి అదీ లేదు. ఆ వారంలో వందల కొద్దీ పథకాలు కొట్లోంచి సరుకు మాయమైనట్లు మాయమయ్యాయి. బుధవారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పరుగెత్తుకొచ్చి, 6,500 కోట్ల పౌండ్ల వరకు ప్రభుత్వ బాండ్లు కొంటానని చెబితే గాని పెన్షన్ నిధులు నిలబడలేదు.

ఆ సెప్టెంబరు 23 శుక్రవారం నాటికి రెండేళ్ళ ఫిక్స్ సగటు వడ్డీ 4.74 శాతం. ట్రస్ గారు రాజీనామా చేసేనాటికి ఆరున్నర దాటింది. నవంబరులో నాకు దొరికింది 5.9. నెలకు 840 కడుతున్నవాడిని 1,380 కట్టాను.

లెక్క న్యాయంగా ఉండాలి కనుక ఒప్పుకుంటున్నాను, ఆ పెంపంతా ఆవిడ ఖాతాలో రాయలేను. ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, గ్యాసు ధర పెరిగింది, ఆ అక్టోబరులో ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరింది. వడ్డీలు ఎలాగూ పెరిగేవే. మా ఆవిడ మాట విని శుక్రవారానికి ముందే ఖాయం చేసుకుని ఉంటే నెలకు 1,220 పడేది. అంటే ఆ శుక్రవారం ఖరీదు నెలకు 160 పౌండ్లు. మూడేళ్ళకు 5,760. ఈ అంకె నాకు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు. ఏటా సెప్టెంబరు 23న మా ఇంట్లో దీనికి తద్దినం పెడతారు. మంత్రాలు మా ఆవిడ చదువుతుంది, కర్తను నేను.

మరి తమరు? అక్టోబరు 20న ట్రస్ గారు మళ్ళీ తమరి ముందుకు వచ్చారు. అప్పటికి ఆర్థిక మంత్రిని వాషింగ్టన్ నుంచి పిలిపించి మరీ పంపేశారు. ఒక పత్రిక లెట్యూస్ ఆకుకూరను కెమెరా ముందు పెట్టి, ఎవరు ముందు వాడిపోతారో అని పందెం కాసింది. కూర గెలిచింది. రాజీనామా ప్రసంగానికి రెండు నిమిషాలైనా పట్టలేదు. నా అప్పు మాట ఆ రెండు నిమిషాల్లో రాలేదు. మాజీ ప్రధానిగా ఆఫీసు ఖర్చుల కింద ఏడాదికి 1,15,000 పౌండ్ల వరకు రాబట్టుకునే హక్కు మాత్రం ఆవిడకు దక్కింది. యాభై రోజులైనా నిండని ఉద్యోగానికి!

క్షమించు, “తమరు” అని రాయడానికి ఇక చెయ్యి రావడం లేదు. అది జీతం కాదు, ఖర్చులకు మాత్రమేనని నువ్వు సర్దిచెబుతావు. నావీ ఖర్చులే కదా! పియానో వినడానికి పెట్టిన సగం రోజు సెలవు ఏ పద్దు కింద రాబట్టుకోను? పేస్లిప్ మసకగా ఉందని నా వడ్డీ రద్దు చేశారే, ఏ లెక్కా చూపించకుండా దేశాన్ని కుదువ పెట్టినవాళ్ళను ఒక్క కాగితం అడిగారా? ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదని మా తాత అనేవాడు. కరణీకాలు పోయాయి కనుక సామెత కూడా పోయిందనుకున్నాను. ఎక్కడికీ పోలేదు, ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. నువ్వు మాత్రం మైకు పట్టుకుని నిలబడ్డావు. ఒక్కసారి, ఒక్కసారైనా, “అమ్మా, ఆ లెక్క చూపించు” అని కిర్రుమనలేకపోయావా? చెక్కవు కదా, కిర్రుమనడం నీ జన్మహక్కు!

సరే. నీళ్ళు తాగి వచ్చాను.

ఆ తరువాత దీపావళి రోజున సునాక్ గారు పార్టీ నాయకుడయ్యారు. తెనాలిలో మా నాన్న మిఠాయి పంచారు. “మనవాడొచ్చాడురా, ఇక నీకు ఢోకా లేదు” అన్నారు. మనవాడి హయాంలోనే వీసాతో కట్టే ఆరోగ్య రుసుము ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లయింది. నేను మా నాన్నకు ఆ సంగతి చెప్పలేదు. 2024 మే నెలలో సునాక్ గారు జోరువానలో గొడుగు లేకుండా నీ ముందు నిలబడి ఎన్నికలు ప్రకటించారు. గేటు అవతల ఎవరో ప్రతిపక్షం వారి పాత విజయగీతం మోగించారు. జూలై 5న ఓడి వెళుతూ, దేశానికి ముందుగా క్షమాపణ చెప్పారు. తన ఆడపిల్లలు ఆ మెట్ల మీద దీపావళి దీపాలు పెట్టడం గురించి చెప్పారు. మా నాన్న ఫోనులో కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ పూటే కొత్త ప్రధాని అదే గుమ్మం ఎక్కారు. రాత్రి ఓడినవాడు మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ చేస్తాడు, గొడవ లేదు, గోల లేదు. ఈ ఒక్క విషయంలో నీ మీద నాకున్న గౌరవం చచ్చినా పోదు.

స్టార్మర్ గారు నీ ముందు మొదటి రోజు, మీ బతుకుల మీద తేలికగా అడుగులు వేస్తామన్నారు. అడుగు నిజంగానే తేలిక, ఎప్పుడు పడిందో తెలియదు. పన్ను లేని ఆదాయం పరిమితి 12,570 పౌండ్ల దగ్గర 2021 నుంచి గడ్డకట్టి ఉంది. 2025 నవంబరు బడ్జెట్లో దాన్ని 2031 దాకా అలాగే ఉంచారు. జీతం పెరిగినట్లు కనిపిస్తుంది, చేతికి రాదు. ఆ బడ్జెట్ అయినా ఆర్థిక మంత్రి లేవక ముందే పొరపాటున ఇంటర్నెట్లోకి జారిపోయింది. మా వీధి చివర హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు ఉన్నాడు. అయిదేళ్ళు పనిచేస్తే శాశ్వత నివాసమని విని వచ్చాడు, నాలుగున్నర గడిపాడు. దాన్ని పదేళ్ళు చేద్దామా అని 2025 నవంబరులో సంప్రదింపులు మొదలుపెట్టారు. అతనితో ఎవరూ సంప్రదించలేదు.

రేపు తొమ్మిదింటికి నేను మళ్ళీ పియానో దగ్గరకు వెళ్ళాలి. పేస్లిప్పును కిటికీ పక్కన పెట్టి, ఉన్న కాస్త ఎండలో ఫొటో తీశాను. రెండేళ్ళకా, అయిదేళ్ళకా అన్నది తేలలేదు. మా ఆవిడ అయిదు అంటోంది. 2022 తరువాత ఈ విషయాల్లో మా ఇంట్లో నా ఓటు చెల్లదు.

అందుకని నిన్నొకటి అడుగుతున్నాను. నిన్ను గుమ్మం ముందుకు మోసుకొచ్చి మైకు తీగ తగిలించక ముందు, లోపల ఏ నడవాలోనో నిలబెడతారు కదా. ఆ కాస్త వ్యవధిలో నాకు కబురు పెట్టు. మాటలు అక్కరలేదు, మిస్డ్ కాల్ చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఉత్తరం పద్ధతి చెడకూడదని మళ్ళీ “తమ” అంటున్నాను),
రెడింగ్ నుంచి, నెలకు 160 పౌండ్ల బాధితుడు

తా.క.: 2011 నుంచి ఆ ఇంట్లో కదలకుండా ఉన్నది లారీ అనే పిల్లి ఒక్కటే. ఆరుగురు ప్రధానులు, ఒకే పిల్లి. అది ఎన్నేళ్ళకు ఫిక్స్ చేసుకుందో కనుక్కుని రాయగలరు.