హై ఫ్లో పెట్టాక చూసేదెవరు?

"వెంటిలేటర్ దాకా రాలేదండీ, హై ఫ్లో మీదే ఉన్నారు." కోవిడ్ రెండో వేవ్‌లో ఐసీయూ నుంచి ఈ మాట వింటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవారు. హై ఫ్లో అంటే ముక్కు ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ పంపే యంత్రం. కోవిడ్ తగ్గినా ఆ నమ్మకం పోలేదు, న్యుమోనియాతో చేరిన పెద్దాయన విషయంలోనూ "వెంటిలేటర్ మాత్రం వద్దు, హై ఫ్లో పెట్టండి" అని ఇంట్లోవాళ్లు పట్టుబడుతున్నారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. కానీ ఈ నమ్మకమే కొన్నిసార్లు ప్రాణం మీదకి తెస్తుంది.

పరికరం మంచిదే. మామూలు మాస్కులో ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్లకు మించి రాదు, ఆయాసంతో ఉన్న మనిషి అంతకు రెండింతలకు పైగా గాలి లాగుతాడు కాబట్టి మిగతాదంతా బయటి గాలే. హై ఫ్లో అయితే 60 లీటర్ల దాకా, వెచ్చగా, తేమతో ముక్కులోకి పంపుతుంది. రోగి మాట్లాడగలడు. 2015లో ఫ్రాన్స్, బెల్జియంలలో 310 మందిపై చేసిన ట్రయల్‌లో గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సిన అవసరం కచ్చితంగా తగ్గిందని తేలలేదు గానీ, 90 రోజుల్లో మరణాలు మాత్రం తగ్గాయి. అదే ఏడాది కొరియా నుంచి వచ్చిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది: హై ఫ్లో పనిచేయక గొట్టం వేయాల్సి వచ్చినవాళ్లలో, 48 గంటలు దాటాక వేసినవాళ్లే ఎక్కువ మంది చనిపోయారు.

అంటే అసలు పని పెట్టాకే మొదలవుతుంది. హై ఫ్లో పనిచేస్తోందో లేదో అంచనా వేయడానికి రాక్స్ ఇండెక్స్ అని ఒక చిన్న లెక్క ఉంది. ఉదాహరణకు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90, ఇస్తున్న ఆక్సిజన్ 60 శాతం, అంటే 0.6. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 150. దాన్ని నిమిషానికి తీసుకునే శ్వాసల సంఖ్యతో మళ్లీ భాగించాలి. శ్వాసలు 30 అయితే 5 వస్తుంది, ఫర్వాలేదు, 4.88 దాటితే గట్టెక్కే అవకాశం బాగా ఉన్నట్టు. శ్వాసలు 40 అయితే 3.75. పన్నెండు గంటలయ్యాక కూడా 3.85 కన్నా తక్కువుంటే హై ఫ్లో విఫలమయ్యే ముప్పు ఎక్కువ. మానిటర్ మీద శాచురేషన్ అదే 90, మనిషి మాత్రం అలసిపోతున్నాడు! ఇది తెలియాలంటే పక్కన నిలబడి ఛాతీ చూస్తూ శ్వాసలు లెక్కపెట్టే నర్సు కావాలి. ఒక్కరే ఎంతమంది దగ్గరని నిలబడతారు?

ఆక్సిజన్ సంగతీ ఉంది. పూర్తి ఆక్సిజన్‌తో 60 లీటర్లు నడిపితే 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై ప్రాణాలు పోయాయి, సరఫరా చూసుకోకుండా యంత్రాలు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేము అడుగుతున్నాం: హై ఫ్లో యంత్రాలు ఎన్ని కొన్నారో చెబుతున్నప్పుడు, వాటి దగ్గర రాత్రి షిఫ్టులో ఎందరు నర్సులున్నారో కూడా చెప్పండి. డాక్టర్లకూ ఒక మాట. "ఇది పనిచేయకపోతే గొట్టం వేస్తాం, ఆలస్యం చేయం" అని ఇంట్లోవాళ్లకి హై ఫ్లో పెట్టిన రోజే చెప్పండి, అర్ధరాత్రి సంతకం కోసం పిలిచినప్పుడు కాదు.