మహారాజశ్రీ పోలరైజర్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ పోలరైజర్ గారికి, గోదావరి కాలువ గట్టు నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ దాళ్వా నాట్లు జోరుగా సాగుతున్నాయి. కెమెరా లెన్సు ముందు బిగించే, తళతళల్ని కోసేసే అద్దపు ఫిల్టరు తమరు. తమరు మాత్రం మా కుర్రాళ్ల లెన్సుల మీద ఎక్కి కూర్చుని దిగడం మానేశారని తెలిసి ఈ నాలుగు ముక్కలు.

ఆయ్, ఆకాశాన్ని నీలంగా చూపిస్తారండి, కాదనం. ఆ నీలం పిచ్చిలోనే మావాళ్లు బాగా వెడల్పుగా చూసే 16 ఎం.ఎం. వైడ్ లెన్సుకి కూడా తమర్ని బిగించి, రంగు ముదిరినంత మేరా తమరి రింగు తిప్పేస్తున్నారు. తమరి ప్రతాపమంతా సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశం మీదే. ఆ లెన్సేమో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాలో అడ్డంగా దాదాపు 97 డిగ్రీలు చూస్తుంది. పొద్దున్నే ఉత్తరానికి తిరిగి తీస్తే ఇంకేముంది, నడిమధ్య ముదురు పట్టీ, అటూ ఇటూ వెలిసిపోయిన ఆకాశం. కింద ‘కోనసీమ అందాలు’ అని పేరొకటి. చూసినవాళ్లు తుపాను హెచ్చరికేమో అనుకుంటున్నారు.

నీళ్ల సంగతి మరీ అన్యాయం. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి మా చేలకు నీళ్లు పంపితే, తమరు పావుచుట్టు తిరిగి వాటిని మాయం చేస్తున్నారు. దమ్ము చేసిన చేలో ఫొటో అంటే ఆ మెరుపే కదండీ! అది తీసేస్తే మిగిలేది బురద. ఇరుకు కాలువ దగ్గర ఇంకో వింత. నీటిమట్టానికి 37 డిగ్రీల వాలులో చూపు పడినచోట నీడ పూర్తిగా చెరిగిపోతుంది, దూరపు నీళ్లలో అంతగా చెరగదు. దాంతో అవతలి గట్టు కొబ్బరిచెట్ల మొదళ్లు నీళ్లలో ఉంటాయి, తలలు ఉండవు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అలాగని తమరు దండగ అనడం లేదు. వాన వెలిసిన మబ్బుపూట, గుర్రపుడెక్క ఆకుల మీది తెల్లటి జిగేలు తీసేసి పచ్చదనం బయటపెట్టడం తమరికే చెల్లు. కంప్యూటర్ ముందు ఎంత కుస్తీ పట్టినా ఆ పచ్చ రాదు.

నా కడుపుమంట వేరే. నీలం దొరికిందన్న ధీమాతో ఫ్రేములో ముప్పాతిక వంతు ఆకాశానికే రాసిచ్చేస్తున్నారు. వైడ్ లెన్సులో దూరపు కొబ్బరితోట వేలెడంత అయిపోతుంది, ఎదుటేమో ఖాళీ. గట్టు దిగి, బురదలో గొంతుక్కూర్చుని, విసిరిన నారుకట్టకి మూరెడు దూరంలో కెమెరా పెట్టాలి. అప్పుడు వేళ్లకంటిన మట్టి దగ్గర మొదలైన చూపు, ఒక్కో కట్టనే దాటుకుంటూ తోట దాకా వెళ్తుంది. కానీ దానికి ప్యాంటు తడవాలి. రింగు తిప్పడానికి ఏమీ తడవక్కర్లేదు. తమరికింత గిరాకీ అందుకే.

కాబట్టి వైడ్ లెన్సు ఎక్కినప్పుడు ఆకాశం కాస్త ముదరగానే ఆగిపోండి. సాయంత్రం నరసాపురం రేవులో వెలుతురు తగ్గగానే డబ్బీలోకి దయచేయండి. తమరుంటే ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు పోతుంది, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమైపోతుంది మరి. సెకనులో 1/60 వంతు షట్టరు దగ్గర కుదురుగా పడాల్సిన, రేవు దాటించే పంటు మీది జనం 1/15 దగ్గర అలుక్కుపోతున్నారు. మర బిగిసిపోయింది, దిగలేనంటారా? ఫర్లేదు, పట్టు చిక్కేలా చుట్టి తిప్పడానికి జేబులో రబ్బరు బ్యాండు ఉంది.

ఇట్లు,
ప్యాంటు తడిసినవాడు