టార్చిలైటు మనిషిని బయటికి పంపండి సార్

మ్యూజియాల్లో, జూల్లో అసలు పని చేసేవాళ్లని జనం ముందుకొచ్చి మాట్లాడనివ్వండి అని పైఅధికారులకి రాయాలని మూణ్నెల్లుగా అనుకుంటున్నా. మొదట బెజవాడ ఎండలు, తర్వాత మా అమ్మాయి పరీక్షలు. ఇవాళ తీరింది. కాస్త పెద్దదే, ఓపికుంటే చదవండి.

మన కృష్ణా, గుంటూరు వైపే ఒక మ్యూజియం. పేరు చెప్పను, చెబితే అక్కడి చిన్న ఉద్యోగుల మీదికి పోతుంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బౌద్ధ శిల్పాలు చూపిద్దామని తీసుకెళ్లా. మొదటి రాయి దగ్గర బోర్డు: "ఫలకం, సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దం." రెండోదాని దగ్గర: "ఉష్ణీషం, సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దం." మూడోది మళ్లీ ఫలకం.

"నాన్నా, ఉష్ణీషం అంటే?" అంది. తలపాగా అని ఎక్కడో చదివిన గుర్తు. తలపాగాకీ ఆ పొడుగాటి దిమ్మకీ సంబంధం ఏంటో నాకు మాత్రం ఏం తెలుసు? గార్డుని అడిగితే "చేతులు పెట్టకండి, ఫ్లాష్ కొట్టకండి" అన్నాడు. ఆయన్ని అననులెండి, ఆయనకి చెప్పి పెట్టింది అంతే. పావుగంటలో మొత్తం చూసేశాం. చూసేశాం అంటే నడిచేశాం.

బయటికొచ్చే దారిలో ఒకాయన కనిపించాడు. యాభై దాటి ఉంటాయి. మెళ్లో ఐడీ కార్డు, చేతిలో చిన్న టార్చి, ఒక ఫలకం ముందు గొంతుక్కూర్చుని ఏదో వెతుకుతున్నాడు. రాయిలోంచి తెల్లగా ఉప్పు పొడి లేస్తోందేమోనని చూస్తున్నాడట. వానాకాలం చెమ్మకి అలా అవుతుందట, పట్టించుకోకపోతే పైపొర పెచ్చులుగా ఊడిపోతుందట. మా అమ్మాయి వంగి చూస్తుంటే "ఇటు రా పాపా" అన్నాడు.

టార్చిని రాయికి ఎదురుగా పట్టలేదు. పక్కనుంచి, దాదాపు రాయికి ఆనించి, ఏటవాలుగా పట్టాడు. అప్పటిదాకా నున్నగా ఉన్న తామరపువ్వు మీద సన్నటి గీతలు లేచాయి. ఒక్కో రేకు మీద పదులకొద్దీ. ఉలి గీతలు! "ఈ రేకు మీద గీతలు నిలువుగా ఉన్నాయా, పక్కదాని మీద అడ్డంగా ఉన్నాయి చూడు. ఇంకో మనిషి చెక్కి ఉండొచ్చు. లేదా అదే మనిషి పక్కకి జరిగి కూర్చుని చెక్కి ఉండొచ్చు. ఏదో నేను చెప్పలేను" అన్నాడు.

చెప్పలేను అన్నాడే, అక్కడ పడిపోయా నేను. మా అమ్మాయి చదువుకునే చోట "తెలీదు" అన్న మాస్టారిని అది ఇంతవరకు చూడలేదు. బిట్టు ఉంటే జవాబు ఉండాల్సిందే. రెండు వేల ఏళ్లనాటి రాయి ముందు కూర్చుని, ముప్ఫై ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషి, ఇక్కడిదాకా తెలుసు, ఇక్కడినుంచి తెలీదు అని గీత గీసి చూపించాడు.

ఉష్ణీషం కూడా ఆయనే విప్పాడు. స్తూపం చుట్టూ రాతి కంచె ఉంటుంది కదా, దాని నెత్తిన పరిచే దిమ్మ అది. "మీ డాబా పిట్టగోడ పైన బిళ్ల వేస్తారే, అదే. గోడకి తలపాగా." ఈ ఒక్క ముక్క బోర్డు మీద రాస్తే ఏం పోయింది?

ఆ రాయి పల్నాడుదట. మన ఇళ్లల్లో పరిచే నాపరాయికి దగ్గర చుట్టం, పిడుగురాళ్ల బట్టీల్లో సున్నం చేసేదీ ఆ జాతే. అమరావతి స్తూపానికి అందుకే ఆ గతి పట్టింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ ఊరు కట్టించిన రోజుల్లో కొన్ని రాళ్లు ఇళ్లకీ గుడులకీ పోయాయి, కొన్ని సున్నమైపోయాయి. అంతకుముందే ఓసారి చూసిపోయిన ఇంగ్లీషు సర్వేయరు మెకంజీ దొర 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించబట్టి కొన్నిటి ఆకారమైనా మిగిలింది. దొరికినవాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరులో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇవన్నీ చదివే తెలుసుకోవచ్చు, నిజమే. కానీ చదివినప్పుడు మా అమ్మాయి ఇంటికొచ్చి హాల్లో బోర్లా పడుకుని నాపరాయి మీద ఫోన్ లైటు ఏటవాలుగా పెట్టి చూడలేదు. ఆ రోజు చూసింది.

జూల సంగతీ ఇంతే. మనకి దగ్గర్లో పెద్ద జూ లేదు, రత్నాచల్ ఎక్కి విశాఖ పోవాలి, లేదంటే హైదరాబాదో తిరుపతో. ఒకచోట పులి కంచె దగ్గర కుర్రాళ్లు ఈలలేస్తుంటే, బకెట్ మోసుకుపోతున్న కీపరు ఆగి ఓ మాట చెప్పాడు: "పొద్దున వచ్చి నేను మొదట చూసేది పులిని కాదండీ, దాని పెంట. గట్టిగా ఉందా, పల్చగా ఉందా, ఏమైనా పురుగులున్నాయా. అది బాగుంటే పులి బాగున్నట్టే." వారానికో రోజు పస్తు ఎందుకు ఉంచుతారో కూడా చెప్పాడు: అడవిలో దానికి రోజూ వేట దొరకదు కదా. ఈలలు ఆగిపోయాయి. రెండు నిమిషాలు, బకెట్ కింద పెట్టకుండానే.

హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ఉంది, అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే పరిశోధనశాల. 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్లని పుట్టించింది వాళ్లే. నెహ్రూ జూతో కలిసి మూషిక జింకల్ని పెంచి, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. కుందేలంత జింక! ఆ పని చేసినవాళ్లలో ఒక్కరు బెజవాడ వచ్చి ఓ స్కూలు హాల్లో గంట కూర్చుంటే మా కాలనీ మొత్తాన్ని నేను తీసుకొస్తా.

మీటింగులు పెడుతున్నారుగా అనకండి. మే 18, అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవమని గుంటూరులో ఓ సభకి వెళ్లా. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మన ఘన వారసత్వం అంటూ గంటన్నర. అసలు తవ్వకాల్లో పనిచేసినాయన చేతికి మైకు వచ్చేసరికి సమోసాలు కూడా వచ్చాయి. ఆయన మూడు నిమిషాల్లో ముగించుకుని కూర్చున్నాడు పాపం.

మ్యూజియం వాళ్లు మాట్లాడుతూ కూర్చుంటే పని ఎవరు చేస్తారని మా బావ అన్నాడు. మాట్లాడటం కూడా పనే బావా. మన అమరావతి రాళ్లున్న బ్రిటిష్ మ్యూజియంలోనే బల్లలేసి, వాలంటీర్లు పాత వస్తువులు కొన్నిటిని జనం చేతికే ఇచ్చి చెబుతారు. అసలు రాళ్లు ఎవరి చేతికీ ఇవ్వమనట్లేదు నేను. ఇక్కడ అడ్డం సమయం కాదు, భయం. పై అధికారి అనుమతి లేకుండా నోరు విప్పితే, అది రేపు పేపర్లో ఇంకోలా వస్తే, సంజాయిషీ ఎవరివ్వాలి? టార్చి పట్టుకున్న ఆయన కూడా మాకు చెప్పేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కొందరికి మాట్లాడటం రాదు కూడా, సంస్కృతం మింగినట్టు ఉంటుంది. వాళ్లని వదిలేయండి, వచ్చినవాళ్లనే పంపండి. ఆదివారం పదకొండింటికి అరగంట. మైకు వద్దు, బ్యానర్ వద్దు. ఒక స్టూలు, ఒక టార్చి. ఆ అరగంటని డ్యూటీ కింద రాయండి, ఉత్తర్వు కాగితం ఒకటి చేతికివ్వండి.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దామని మా అమ్మాయి పట్టు. ఈసారి తన టార్చి తనే తెచ్చుకుంటుందట. ఆయన ఆ రోజు ఉంటాడో లేదో కనుక్కుందామని పొద్దుట్నించీ మ్యూజియం ల్యాండ్‌లైన్‌కి చేస్తున్నా. మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు.