పనలు వాటంతటవే కట్టుకున్నాయి

పల్లెటూరి బొమ్మ ముందు నిలబడి "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని నిట్టూర్చే పెద్దమనుషుల్ని మీరూ చూసే ఉంటారు. చేతికో కొడవలి ఇచ్చి వాళ్ళని వరసగా పొలంలోకి దించాలని మీకూ అనిపించే ఉంటుంది. చట్టం ఒప్పుకోదు కాబట్టి వ్యాసంతో సరిపెడుతున్నాను.

ఇంగ్లీషు చిత్రకారుడు గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో వేసిన ఆండ్రూస్ దంపతుల బొమ్మే తీసుకోండి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చెట్టు కింద నగిషీల బెంచీ మీద నీలం గౌనులో అమ్మగారు. పక్కనే తుపాకీతో, కుక్కతో అయ్యగారు. కుడివైపు కోత అయిపోయిన పొలం, నిలబెట్టిన పనలు. కోసినవాళ్ళేరీ? ఒక్కరూ లేరు. దీన్నిబట్టి ఆనాటి ఇంగ్లీషు పంట మహా సంస్కారవంతమైనదని తేలుతోంది. పండగానే తనంతట తనే కోసుకుని, పనలు కట్టుకుని, అమ్మగారి గౌనుకి దుమ్మంటకుండా దూరంగా వెళ్ళి నిలబడేది. నడుం నొప్పి అనేది కాదు. కూలి అసలే అడిగేది కాదు. మరి అయ్యగారికి తుపాకీ ఎందుకో!

అమ్మగారి ఒళ్ళో కాస్త జాగా రంగు వేయకుండా వదిలేశాడు చిత్రకారుడు. అక్కడ రావాల్సింది వేటాడిన పిట్టా, పసిబిడ్డా అని పండితులు తెగ వాదించుకున్నారు. ఒళ్ళో చారెడు ఖాళీకి అంత చర్చ. పొలమంతా ఖాళీగా ఉంటే మాత్రం అది ప్రశాంతత.

మరో ఇంగ్లీషు చిత్రకారుడు కాన్‌స్టబుల్ కొంచెం నయం. 1821 నాటి 'ది హే వెయిన్' (గడ్డిబండి) బొమ్మలో కూలీలకి చోటిచ్చాడు, కళ్ళు చికిలించి వెతికితే దొరికేంత సైజులో. బొమ్మ వేసింది లండన్ స్టూడియోలో లెండి. మరుసటి ఏడాదే, తన సొంత జిల్లా సఫోక్‌లో మంటలు కనబడని రాత్రి లేదని తమ్ముడు బెంగపడుతున్నాడంటూ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ మంటలు ఉత్తరంలోనే ఆగిపోయాయి. కాన్వాసు మీద ఎప్పటిలాగే మబ్బులు, ఏరు, గుర్రాలు.

కడుపు మండిన కూలీలు పెట్టిన మంటలవి. భూస్వాములు ఊరుమ్మడి బీళ్ళకి కంచెలు వేసి లాక్కున్నారు. నూర్పిడి యంత్రాలు తెచ్చి చలికాలం పనీ ఊడగొట్టారు. 1830లో కూలి పెంచమని తిరగబడితే 19 మందిని ఉరి తీశారు, వందల మందిని ఆస్ట్రేలియాకి తోలేశారు. నోరున్నవాళ్ళందర్నీ ఓడెక్కించాక ఊరు ప్రశాంతంగా ఉండక చస్తుందా?

1857లో ఫ్రాన్స్‌లో మిలే అనే చిత్రకారుడు పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ళని బొమ్మ నిండా వేశాడు. వంగిన నడుములు, కళ్ళు చికిలించక్కర్లేకుండా. ఆ ముగ్గురి వెనక ఫ్రెంచి విప్లవంలో, 1793లో, పెద్దల తలలు నరికిన గిలటిన్ వేదికలు కనబడుతున్నాయని ఒక విమర్శకుడు గగ్గోలు పెట్టాడు. గింజలేరుకునే ఆడవాళ్ళని చూసి గిలటిన్ గుర్తొచ్చిందంటే, ఆ పెద్దమనిషికి లెక్క బాగానే తెలుసన్నమాట.