అరోరా గుట్టు తేల్చిన గొట్టం: ఉపగ్రహాలతో పాటు ప్లాస్మా ప్రయోగశాలలూ కావాలి

ధ్రువప్రాంతాల ఆకాశంలో పచ్చగా మెరిసే అరోరాకు కారణం ఎలక్ట్రాన్లు. పైనుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు వంద కిలోమీటర్లకు కాస్త పైన ఆక్సిజన్ పరమాణువులను ఢీకొంటే ఆ రంగు పుడుతుంది. మరి ఆ ఎలక్ట్రాన్లకు అంత వేగం ఎక్కణ్నుంచి వస్తోంది? దీనికి ఒక ముఖ్యమైన జవాబును నేరుగా కొలిచి చూపిన పరిశోధన 2021లో వెలువడింది. ఆ కొలత జరిగింది లాస్ ఏంజెలిస్‌లో, నేలమీదున్న ఒక పొడవాటి గొట్టంలో. అంతరిక్ష శాస్త్రం అనగానే రాకెట్లు, ఉపగ్రహాలే గుర్తొచ్చే మనం ఈ సంగతిని శ్రద్ధగా గమనించాలి.

అనుమానం పాతదే. అయస్కాంత క్షేత్రం ఉన్న ప్లాస్మాలో, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువులో, బలరేఖల వెంట తరంగాలు ప్రయాణిస్తాయని స్వీడన్ శాస్త్రవేత్త హన్నెస్ ఆల్ఫ్‌వెన్ 1942లోనే చెప్పారు. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. సౌర తుపాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు ఈ తరంగాలు భూమివైపు దిగుతాయి. అరోరా మీదుగా వెళ్లిన ఉపగ్రహాలకు ఆ తరంగాలూ దొరికాయి, కిందికి దూసుకుపోయే ఎలక్ట్రాన్లూ దొరికాయి. కానీ రెండూ ఒకేచోట కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి శక్తినిచ్చిందని తేలిపోదు. ఉపగ్రహం క్షణాల్లో దాటిపోతుంది. అదే తరంగాన్ని మళ్లీ రప్పించి కొలిచే వీలుండదు.

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ)లో ఉన్న లార్జ్ ప్లాస్మా డివైస్‌లో ఆ వీలుంది. దాదాపు 20 మీటర్ల పొడవున్న ఆ యంత్రంలో సెకనుకొకసారి ప్లాస్మా పుడుతుంది, ప్రతిసారీ ఇంచుమించు ఒకేలా. అయోవా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు, వారి సహచరులు అందులోకి ఆల్ఫ్‌వెన్ తరంగాలను పంపారు. కదిలే బస్సును దాని పక్కన పరుగెత్తేవాడే ఎక్కగలడు. అలాగే తరంగంతో దాదాపు సమాన వేగంలో ఉన్న ఎలక్ట్రాన్లే దాని నుంచి శక్తి తీసుకోగలవు. ఇందుకు మూలమైన సిద్ధాంతం 1946లో లెవ్ లాండౌ ఇచ్చినది. చిక్కేమిటంటే, అలాంటి ఎలక్ట్రాన్లు వెయ్యింటికి ఒకటి కూడా ఉండవు. వాటి జాడ పట్టడానికి విస్లర్ అనే మరో రకం తరంగాన్ని పంపి, ప్లాస్మా దాన్ని ఎంత పీల్చుకుంటోందో కొలిచారు. ఆ లెక్కను బట్టి అలాంటి ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయో తెలుస్తుంది. ఈ ప్రయోగం మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఈ ఉపాయమే. వచ్చిన ఫలితం సిద్ధాంతం చెప్పిన దానితో సరిపోయింది. అంటే ఆల్ఫ్‌వెన్ తరంగాలు ఎలక్ట్రాన్లకు నిజంగానే వేగాన్నిస్తాయని తేలింది.

ఇరవై మీటర్ల గొట్టం వేల కిలోమీటర్ల ఆకాశానికి ఎలా సాటి వస్తుందని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పొడవులు కలవకపోయినా నిష్పత్తులు కలిస్తే చాలు. ముఖ్యంగా తరంగ వేగానికీ, వేడివల్ల ఎలక్ట్రాన్లకుండే వేగానికీ మధ్య నిష్పత్తి అరోరా ప్రాంతాన్ని పోలి ఉండాలి. అన్నీ కలవవు. గొట్టానికి గోడలుంటాయి, లోపల కణాల ఢీలు ఎక్కువ. కాబట్టి ప్రయోగశాల ఉపగ్రహానికి ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే.

మన దగ్గర లోటు ఆ తోడుకే. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహమైన సౌర గాలినీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తోంది. కానీ ఆ కొలతలు తానున్న ఒక్కచోటివే. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో లార్జ్ వాల్యూమ్ ప్లాస్మా డివైస్ ఉంది కాబట్టి అనుభవం లేదనడానికి వీల్లేదు. కావలసింది అందరూ వాడుకునే ఏర్పాటు. అయోవా వాళ్లు ఈ పనికోసం సొంత యంత్రం కట్టుకోలేదు, యూసీఎల్ఏ యంత్రాన్ని వాడుకున్నారు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ దేశంలోని విశ్వవిద్యాలయాలకు ఇప్పటికే అలా ఉపయోగపడుతోంది. విశాఖలోనో వరంగల్‌లోనో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి తాను తయారుచేసిన యాంటెన్నాను పట్టుకెళ్లి, ఆదిత్య డేటాలో కనిపించిన తరంగం లాంటిదాన్ని ప్లాస్మాలో పుట్టించి చూసే అవకాశం ఉండాలి. అమెరికాలో ఆ యంత్రాన్ని ఇంధన శాఖ, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కలిసి నడిపించాయి. ఇక్కడ గాంధీనగర్ సంస్థ అణుశక్తి శాఖ కింద ఉంది, ఆదిత్య అంతరిక్ష శాఖ కింది ఇస్రోది. టెక్నీషియన్ల జీతాలతో సహా కనీసం పదేళ్ల నిర్వహణ ఖర్చును ఈ రెండు శాఖలూ కలిసి భరించాలి.