జాలీకి జోహార్లు

మా కాలనీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక నాలా ఉంది. దాని మీద చిన్న వంతెన. ఆ వంతెనకు రెండు పక్కలా ఈమధ్యే నిలువెత్తు ఇనుప జాలీ బిగించారు. ఆకుపచ్చ రంగు వేశారు. పర్యావరణం కదా, వేరే రంగు వేస్తే బాగోదు. జాలీకి ఒక బోర్డు, బోర్డు మీద "నాలాలో చెత్త వేయరాదు, వేసినచో జరిమానా" అనే శాసనం, దాని కింద నలుగురు నాయకుల ఫొటోలు. జరిమానా ఎంతో రాయాల్సిన చోట ఒక నాయకుడి గడ్డం అడ్డొచ్చింది. మొత్తానికి హైదరాబాదులో ఒక నాలా కాలుష్య సమస్య ఇంతటితో తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

పాపం, శాస్త్రజ్ఞులే ఇన్నాళ్లూ అనవసరంగా బుర్ర పాడుచేసుకున్నారు. నీటిలో కరిగిన ఆక్సిజన్ అన్నారు, గట్టున చెట్లు ఉండాలన్నారు, మురుగు శుద్ధి చేయాలన్నారు. అదంతా చదువు ఎక్కువైన వాళ్ల మాట. వెల్డింగ్ మిషన్ ఉన్నవాడికి అంత టెన్షన్ ఎందుకు?

జాలీ ఎంత బాగా పనిచేస్తోందో చూడాలంటే శనివారం పొద్దున్నే రావాలి. శుక్రవారం పూజలు అయిపోయి, వాడిన పూలు, అగరుబత్తి పుల్లలు, పాత క్యాలెండరులోని దేవుడి బొమ్మలు కవర్లలో మూటకట్టుకుని జనం వంతెన మీదికి చేరే సమయం అది. జాలీ రాకముందు ఈ కార్యక్రమం అర నిమిషంలో అయ్యేది. బండి ఆపకుండానే, కుడిచేత్తో యాక్సిలరేటర్ పట్టుకుని, ఎడమచేత్తో విసిరేవాళ్లు. ఇప్పుడు దానికో విధానం ఏర్పడింది.

ముందు కారు ఆగుతుంది. వెనకాల ఆటోలు హారన్లు కొడతాయి. పెద్దమనిషి చెప్పులు విడిచి దిగుతాడు, చేతిలో ఉన్నది దేవుడి పూలు కదా. జాలీ పైకి విసురుతాడు. అది జాలీ కొసకు తగిలి తిరిగొస్తుంది. "ఏవండీ, కాస్త గట్టిగా" అని కారులోంచి ఆవిడ. "నువ్వాగవే" అని ఈయన. రెండోసారి విసిరితే కవరు జాలీ మొనకు గుచ్చుకుని చిరుగుతుంది. బంతిపూలు పెద్దమనిషి నెత్తిన రాలతాయి. కాసేపు ఆయనే ఉత్సవ విగ్రహంలా కనిపిస్తాడు. ఇక మూడోసారి కారు టైరు మీద ఒక కాలు, జాలీ కంతలో ఒక కాలు.

రోడ్డు ఊడుస్తున్న సఫాయి అమ్మ చూసి చూసి అంది. "సార్, ఇంకో పది నిమిషాలకు బండి వస్తది, అందుల ఏయిండ్రి."

పెద్దమనిషి నొచ్చుకున్నాడు. "దేవుడి పూలమ్మా ఇవి. చెత్తబండిలో వేస్తే పాపం."

"మరి గీ మోరిల ఏసుడు పున్నెమా సార్?"

ఆయన దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. కవరు అవతల పడింది. ఆయన కిందికి దిగి, కళ్లు మూసుకుని, చేతులు రెండూ జోడించి దణ్ణం పెట్టుకున్నాడు. దణ్ణం పూర్తయిన మరుక్షణం అవే చేతులతో ముక్కు మూసుకుని, "ఛీ, ఏం కంపురా బాబూ, ఈ నాలాను పట్టించుకునే నాథుడే లేడు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ జాలీకీ నాలాకీ కలిపి ఒక ఫొటో తీసుకున్నాడు. అది సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో "మునిసిపాలిటీ మేలుకోవాలి" అనే శీర్షికతో వచ్చింది. నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

సరే, పూల కవర్ల సంగతి వదిలేద్దాం. పూలైతే కుళ్లుతాయి, కవరు ఏ స్తంభానికో చిక్కుకుంటుంది. వంతెన మీద నిలబడి జాలీ కంతల్లోంచి కిందికి చూడండి. రెండు గట్ల గోడల్లోంచీ పీవీసీ పైపులు వరసగా బయటికి తొంగిచూస్తుంటాయి. ఒక్కో అపార్టుమెంటుకు ఒక్కో పైపు. ఒకదాన్నుంచి సబ్బు నురగ, ఒకదాన్నుంచి నూనె తేలే నీళ్లు, కొన్నింటి గురించి తినే వేళ మాట్లాడుకోకూడదు. రాత్రీ పగలూ, పండగా పబ్బం లేకుండా ఇవి నాలాలోకి పోస్తూనే ఉంటాయి. బ్రోచర్లో మురుగు శుద్ధి ప్లాంటు రంగుల బొమ్మ ఉంటుంది. సెల్లార్లో ప్లాంటు కూడా ఉంటుంది. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని దాని స్విచ్చి మాత్రం ఆపేసి ఉంటుంది. చేత్తో విసిరితే అది చెత్త, పైపు పెట్టి వదిలితే అది సదుపాయం. జాలీ పైన, పైపు కింద. పైన పటారం, లోన లొటారం.

ఈ నాలా పుట్టుకతో నాలా కాదు, వాగు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లను దిగువ చెరువుకు తెచ్చేది. గొలుసుకట్టు చెరువుల మధ్య గొలుసు ఇలాంటి వాగులే. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్‌లోకి చేరే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల్లో ఇవాళ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో నేను చెప్పాలా?

బతికున్న వాగులో ఒక రాయి తిరగేసి చూస్తే దాని అడుగున ఊరంత సంసారం ఉంటుంది. పాకుడును గీరుకుతినే పురుగులు, ఇసుక రేణువులు ఒంటికి అంటించుకుని సన్నటి గొట్టం కట్టుకుని అందులో కాపురముండే పురుగు, గట్టు మీది కానుగాకు రాలిపడితే దాన్ని ఈనెలు మిగిల్చి తినేసేవి, వీటన్నిటి కోసం కాచుకుని ఉండే తూనీగ పిల్ల. రెక్కలొచ్చేదాకా తూనీగ బతుకు నీళ్లలోనే. అక్కడ దాని తిండిలో దోమ పిల్లలు కూడా ఉంటాయి. రాళ్ల మీద నీళ్లు గలగలమంటూ దూకినప్పుడు గాలి కలుస్తుంది, ఆ గాలితోనే ఇవన్నీ బతుకుతాయి. మురుగు పడిందా, దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా ఆ ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది. చేపలు, తూనీగ పిల్లలు చస్తాయి. బురదలో ఎర్రపురుగులు మిగులుతాయి, వాటి ఒంట్లో మన నెత్తురులో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది గనక. దోమ పిల్లలూ మిగులుతాయి, అవి తోక దగ్గరి గొట్టాన్ని నీటిపైకి పెట్టి బయటి గాలే పీలుస్తాయి గనక. అంటే తిండి పెట్టి, శత్రువుల్ని చంపి, నాలా మొత్తాన్ని దోమలకు రిజర్వేషన్ చేసి ఇచ్చాం. ఆ తర్వాత సాయంత్రం పూట ఫాగింగ్ మిషన్ డబడబమంటూ వచ్చి పొగ వదిలిపోతుంది. పొగకు దోమల కంటే ముందు మనం దగ్గుతాం.

ఇక చట్టం. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న వాగుకూ నాలాకూ అంచు నుంచి 2 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదు. పది దాటితే 9 మీటర్లు. ఆ రెండు మీటర్లలో ఒక కానుగ చెట్టు పెరగాలి, వరద పొర్లాలి, జేసీబీ దిగి పూడిక తీయాలి. అంత ఉదారంగా ఇచ్చిన స్థలాన్ని కూడా వాగు వాడుకోవడం లేదని గమనించి, మనవాళ్లు దాని మీద మెట్లు, జనరేటర్ గదులు కట్టుకున్నారు. తర్వాత రెండు పక్కలా కాంక్రీటు గోడలు, అడుగున కాంక్రీటు. చుక్క నీరు భూమిలోకి ఇంకదు. ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకరు బుక్ చేసుకుంటాం.

వానాకాలం సంగతి వేరు. అందులో నవ్వడానికి నాకేమీ దొరకలేదు. 2020 సెప్టెంబరులో ఈ నగరంలోనే సైకిలు మీద వెళ్తున్న ఒక పిల్ల మూతలేని నాలాలో పడి తిరిగి రాలేదు. నెల తిరక్కముందే, అక్టోబరు 13న కురిసిన వానకు కాలనీలకు కాలనీలే మునిగాయి. అప్పుడూ తిట్లు తిన్నది నాలా పక్కన రేకుల షెడ్డు వేసుకున్న వాడే. ఎగువన చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలవాల్సిన నేలలో, గేటెడ్ విల్లాలు కట్టినవాడు టీవీలో కూర్చుని పట్టణ ప్రణాళిక గురించి మాట్లాడాడు.

జాలీ ఎక్కడ కట్టాలో తెలియక ఇక్కడ కట్టారనుకుంటే, చిరునామా నేను చెప్తాను. నగర శివార్లలోని పారిశ్రామికవాడ, పటాన్‌చెరు. అక్కడ ఇసుకవాగు ఉంది. అది నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో లెక్క ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు! ఆ మాత్ర మింగిన రోగి నెత్తురులో కూడా అంత మందు ఉండదు. అది శుద్ధి చేశాక వచ్చిన నీరు. శుద్ధి చేశాక! అది పోయి పడింది వాగులో. ఆ వాగు నీళ్లతోనే వరి పండించుకున్న రైతుల పొలాలు పాడయ్యాయి, బావులు పాడయ్యాయి. వాళ్ల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంటే ఆ 31 మిల్లీగ్రాముల లెక్క తేలింది కేసు వేసిన పదిహేడేళ్లకు! ఈ పదిహేడేళ్లూ ఎవరి ఫొటో ఏ బోర్డు మీద నవ్వుతోంది? పూల కవరు విసిరేవాడికి జరిమానా రాసిన చెయ్యి అక్కడ ఎందుకు లేవలేదు? దేవుడి పూలకు అడ్డంపెట్టే ఇనుము దొరికింది గానీ, ఆ ప్లాంటు పైపుకు పెట్టే బిరడా మాత్రం ఈ రాష్ట్రంలో ఎక్కడా తయారు కాలేదా?

ఊరికే కూర్చున్నారనడం కూడా అన్యాయం. ఒక పరిష్కారం కనిపెట్టారు. ఆ వ్యర్థాన్ని వాగులో వదలకుండా, 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరంలోకి తెచ్చి, మన ఇళ్ల మురుగుతో కలిపి అంబర్‌పేట ప్లాంటుకు పంపారు. అక్కణ్ణుంచి మూసీ. వాగుకు రెండు మీటర్లు వదలడానికి మనసొప్పని ఊళ్లో మురుగుకు 18 కిలోమీటర్ల దారి దొరికింది.

అంబర్‌పేట దాటాక మూసీ ఒడ్డున ఆ నీళ్లతోనే ఏపుగా పశుగ్రాసం పెంచుతారు. వాళ్ల తప్పేం లేదు, వేరే నీళ్లు లేవు. ఆ గడ్డి నగరంలోని గేదెలకు వస్తుంది. గేదెల పాలు పొద్దున్నే మన గుమ్మాల్లోకి వస్తాయి. చాయ్ తాగండి, చల్లారిపోతుంది.