వినతిపత్రానికి పచ్చజెండా

మొన్న మా ఊరి తరఫున మరో వినతిపత్రం ఇచ్చారు. పేపర్లో ఫోటో కూడా పడింది. పాకాల–ధర్మవరం లైన్లో ఉన్న మా చిన్న స్టేషన్లో ప్యాసింజర్ మళ్లీ ఆగాలని కోరిక. 2020 మార్చిలో కరోనా వచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. కరోనా పోయింది, బండి తిరుగుతోంది, మా దగ్గర ఆగడం మాత్రం మరిచిపోయింది. ఇన్నేళ్లలో ఇచ్చిన వినతిపత్రాలన్నీ కింద పరిచి ఉంటే ఈపాటికి మా ప్లాట్‌ఫారం కాస్త ఎత్తయ్యేది.

ఆ ఫోటో గురించి చెప్పాలి. ఒకటే కాగితం, ఏ-ఫోర్ సైజు. పట్టుకున్న చేతులు పదమూడు. అంచు దొరకనివాళ్లు, అంచు దొరికినవాళ్ల మోచేయి పట్టుకున్నారు. మోచేయి కూడా దక్కని ఒక పెద్దాయన వెనకనుంచి తల ఒక్కటి పెట్టారు. మధ్యలో అధికారి, కాగితం తన చేతికొచ్చిందో ఇంకా జనం చేతిలోనే ఉందో తేలక నవ్వుతున్నారు. "స్వామీ, ఇటు చూడండి" అని ఫోటోగ్రాఫర్ అనగానే అందరూ కెమెరా వైపు తిరిగారు. కాగితం వైపు చూసినవాడు ఒక్కడూ లేడు. తర్వాత శాలువా. కప్పినప్పుడు ఫోటో సరిగ్గా రాలేదని తీసి, మళ్లీ కప్పారట. అక్కడే ఉన్న మా మేనల్లుడు చెప్పాడు. ఆ హడావిడిలో వినతిపత్రం కింద పడిపోతే వాడే తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఎవరో దాని మీద లడ్డూ కవరు పెట్టారు. నెయ్యి మరక సరిగ్గా మా ఊరి పేరు మీద పడింది.

తిరుపతి దగ్గర ఉన్నందుకు మాకున్న సుఖం ఇదే. ఎంత పెద్దాయనైనా ఏదో ఒకరోజు కొండకి రావాల్సిందే. మేం ఢిల్లీ పోనక్కర్లేదు, గెస్ట్‌హౌస్ గేటు దగ్గర కాచుకుంటే చాలు. ఆయన స్వామికి మొక్కి కిందికి దిగుతాడు, మేం ఆయనకి మొక్కుతాం. కాకపోతే పైన క్యూలో నిలబడితే ఎప్పటికో ఒకప్పటికి దర్శనం అవుతుంది.

"పరిశీలిస్తాం" అన్నారు. అంతే, కాగితం బయల్దేరింది. అసలైన ప్యాసింజర్ అంటే అదే, ప్రతి టేబుల్ దగ్గరా ఆగుతుంది. డివిజన్లో క్రాసింగ్, జోన్లో ఇంజన్ మార్పు. 2019లో విశాఖ కేంద్రంగా కొత్త జోన్ ప్రకటిస్తే మాకేదో మేలనుకున్నాం. కాగితానికి తిరగాల్సిన ఊరు ఒకటి పెరిగింది. చివరికొచ్చే జవాబు: మీ స్టేషన్లో టికెట్ల రాబడి లేదు. నిజమే సార్. ఆగని బండికి టికెట్ కొనే మొనగాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు.

1890ల మొదట్లో తెల్లదొరలు వేసిన మీటర్ గేజ్ లైను ఇది. తర్వాత మనవాళ్లు బ్రాడ్ గేజ్ చేశారు. పట్టాల మధ్య ఎడం పెరిగింది, మాకూ బండికీ మధ్య కూడా. కరోనా తర్వాత ప్యాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 చేశారు. ఆ పేరు మార్చిన సంగతి ఇంజన్‌కి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల ముంగిట, మళ్లీ 10కి దించారు.

2025 ఏప్రిల్లో తిరుపతి–పాకాల–కాట్పాడి రెండో లైనుకి 1332 కోట్లు మంజూరయ్యాయి. 104 కిలోమీటర్లు. సంతోషం, వేయండి. మా వైపు ఉన్న ఒక్క లైను మీద ఒక్క బండిని ఒక్క నిమిషం ఆపమంటే మాత్రం సాధ్యాసాధ్యాలు చూడాలట!

ఈలోగా తిరుపతి రుయా ఆస్పత్రికి పోవాల్సిన ముసలమ్మ ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, పీలేరులో బస్సెక్కి, భాకరాపేట ఘాటు రోడ్డు పొడుగునా నిలబడే వస్తోంది. ఆ ఘాటు సంగతి ఈ పెద్దలకి తెలీదా? 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు రాత్రిపూట అక్కడే లోయలో పడింది. ఎక్కణ్నుంచి ఎక్కడికి? ధర్మవరం నుంచి తిరుపతికి. ఆ రెండు ఊళ్ల మధ్య నూరేళ్లకు పైగా పట్టాలున్నాయి! పల్లెపల్లెనా ఆగే బండి, జనానికి కుదిరే వేళకి నడపడానికి ఇంకెంతమంది పోవాలి? రోడ్డు మీద పోతే మీ ఖాతాలో రాదనా? పోయినవాళ్ల ఇంటికి చెక్కు తీసుకుని మాత్రం వస్తారు. ఆ చెక్కు పట్టుకోవడానికీ పదమూడు చేతులే.

వచ్చే వారం ఇంకో పెద్దాయన దర్శనానికి వస్తున్నారని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఈసారి కాగితం ఏ-త్రీ సైజులో తీయించమని నేనే చెప్పాను. పట్టుకోవడానికి అంచు ఎక్కువ ఉంటుంది.